పది వేళ్లు, ఇరవై టన్నుల బిగువు, కోలారు బంగారం

పక్కవాద్యం లేకుండా, గాత్రం లేకుండా ఒక్క పియానో మీద ఒక్క మనిషి గంటన్నర, రెండు గంటలపాటు నడిపే కచేరీని రిసైటల్ అంటారు. పాశ్చాత్య సంగీతంలో ఇది చాలా పాత ఆచారం అనిపిస్తుంది గానీ, దీని వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు. అంతకుముందు పియానో విద్వాంసుడి కచేరీలో ఒక ఆర్కెస్ట్రా ఉండేది, ఇద్దరు ముగ్గురు గాయకులు ఉండేవారు, వారి మధ్య అతని వంతు వచ్చేది. హంగరీకి చెందిన ఫ్రాంజ్ లిస్ట్ 1839లో రోమ్‌లో ఎవరి తోడూ లేకుండా కార్యక్రమం మొత్తం తానే వాయించాడు. 1840 జూన్ 9న లండన్ హానోవర్ స్క్వేర్ రూమ్స్‌లో జరిగిన అతని కచేరీని రిసైటల్ పేరుతోనే ప్రకటించారు. కాగితం చూడకుండా వాయించే అలవాటు కూడా ఆ కాలంలోనే నిలదొక్కుకుంది. అందులో క్లారా వీక్ పాత్ర లిస్ట్‌కు ఏమాత్రం తీసిపోదు. పెళ్లి తర్వాత క్లారా షూమన్‌గా పేరు పొందింది ఆమే.

ఆ తర్వాత వందేళ్లు ఈ వేదికను ఏలింది రొమాంటిక్ సంగీతం. షోపాన్, లిస్ట్, షూమన్‌లతో మొదలై రష్యాకు చెందిన రాఖ్మానినోవ్, స్క్రియాబిన్, మెట్నర్‌ల దాకా సాగిన పరంపర అది. చేతులు అందుకోగలిగిన హద్దుకు చేరిన సంగీతం ఇది. ఈ పరంపరలో చివరి తరం వాడైన నికొలాయ్ మెట్నర్ తన రచనలను తానే వాయించగా ఈనాడు ఇంత విస్తారంగా వినగలుగుతున్నామంటే, అందుకు మైసూరు సంస్థానం కారణం. ఆ సంస్థానం రాబడిలో కోలారు బంగారు గనుల సొమ్ము ఉంది. ఆ సంగతి చెప్పుకునే ముందు, అసలు ఆ వాద్యంలో ఏం జరుగుతుందో తెలియాలి.

సుత్తి, తీగ

పియానోలో తీగను మీటరు, కమానుతో రాయరు, కొడతారు. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్టొలొమెయో క్రిస్టొఫొరి ఈ వాద్యాన్ని తయారుచేసినప్పుడు అతని ముందున్న అసలు చిక్కు, కొట్టిన సుత్తిని తప్పించడం. వేలు ఇంకా మెట్టు (కీ) మీదే ఉన్నా సుత్తి మాత్రం తీగను తాకి వెంటనే వెనక్కి పడిపోవాలి. తీగకే అంటుకుని ఉంటే పుట్టిన నాదాన్ని అదే చంపేస్తుంది. అందుకని తీగకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరం ఉందనగా మెట్టుకూ సుత్తికీ మధ్య సంబంధం తెగిపోతుంది. ఆ ఆఖరి దూరాన్ని సుత్తి తన వేగంతోనే దాటుతుంది. తీగను తాకి ఉండే సమయం సుమారు ఒకటి నుంచి నాలుగు మిల్లీసెకన్లు.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఒక్క స్వరం వరకే చూస్తే, విద్వాంసుడి చేతిలో ఉన్నది దాదాపుగా సుత్తి వేగం ఒక్కటే. మెట్టును సుతారంగా నిమిరాడా, గట్టిగా పొడిచాడా అన్నది సుత్తికి తెలియదు. ఫలానా విద్వాంసుడి టచ్ గొప్పదని శ్రోతలు మెచ్చుకునేది అబద్ధం కాదు. కాకపోతే ఆ గొప్పతనం ఒక స్వరంలో ఉండదు. పక్కపక్క స్వరాల బలాలను ఎంత సన్నని తేడాలతో తూచాడు, దేన్ని ఎప్పుడు వదిలాడు, పెడల్ మీద పాదం ఏం చేసింది అన్నవాటిలో ఉంటుంది.

వేగం మారితే శబ్దం పరిమాణంతోపాటు దాని రంగు కూడా మారుతుంది. సుత్తి తలకు ఒత్తుగా నొక్కిన ఉన్ని ఫెల్ట్ ఉంటుంది. మెల్లగా తగిలినప్పుడు ఫెల్ట్ మెత్తగా పనిచేసి, తీగలోని పై హార్మోనిక్స్‌ను అణిచేస్తుంది. బలంగా తగిలినప్పుడు అదే ఫెల్ట్ నొక్కుకుని గట్టిబడుతుంది, తాకిడి సమయం తగ్గుతుంది, పై హార్మోనిక్స్ మేలుకుంటాయి. అందుకే లిస్ట్ రచనల్లో ఉద్ధృతమైన ఘట్టాలు వట్టి పెద్ద శబ్దంగా కాక, కంచు మోగినట్టు వినబడతాయి.

కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి పియానోలో మొదట వెలితిగా తోచేది గమకం. వీణలో తీగను పక్కకు లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికిస్తారు. తోడిలో గాంధారానికి ప్రాణం ఆ ఊగులాటే. పియానోలో సుత్తి తగిలాక స్వరం విద్వాంసుడి చేయి దాటిపోయినట్టే. దాన్ని పెంచడానికి లేదు, వంచడానికి లేదు. అది తనంతట తాను తగ్గుతూ పోతుంది.

ఆ తగ్గే తీరు కూడా విచిత్రమైనదే. మధ్య స్థాయి, తారస్థాయి స్వరాల్లో ఒక్కో మెట్టుకు మూడేసి తీగలుంటాయి. సుత్తి మూడింటినీ ఒక్కసారే కొడుతుంది కనుక మొదట్లో అవి జతగా కదులుతూ, తమను మోసే బ్రిడ్జిని ఒకే దిశలో నెడతాయి. శక్తి వేగంగా సౌండ్‌బోర్డ్ అనే కొయ్య పలకలోకి పారుతుంది, శబ్దం ఘనంగా ఉంటుంది, అంతే త్వరగా తగ్గుతుంది. మూడు తీగల శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఎప్పుడూ ఉంటుంది. ఆ తేడా వల్ల కాసేపటికి వాటి కదలికలు ఒకదానికొకటి ఎదురవుతాయి. ఒకటి బ్రిడ్జిని పైకి నెడుతుంటే మరొకటి కిందికి లాగుతుంది. శక్తి బయటికి పోయే దారి సన్నబడి, మిగిలిన నాదం చాలాసేపు నిలుస్తుంది. ఈ రెండంచెల క్షయాన్ని 1977లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు గాబ్రియెల్ వైన్‌రైక్ గణితంతో వివరించాడు. మంచి ట్యూనర్ మూడు తీగలనూ అచ్చంగా ఒకే శ్రుతిలో పెట్టడం కన్నా ఆ సూక్ష్మమైన తేడాను చెవితో పట్టి ఉంచడంలోనే నేర్పు చూపుతాడు. పియానో పాడినట్టుంది అనిపించేది ఆ రెండో అంచె వల్లనే.

రొమాంటిక్ రచయితల ఘనత ఇక్కడే తెలుస్తుంది. నిలవని స్వరంతో నిలిచే సంగీతం కట్టాలి. దానికి వారు కనిపెట్టిన ఉపాయమే ఆ స్వరాల వరద. ఒక స్వరం చచ్చేలోగా దాని చుట్టూ ఇరవై స్వరాలు పుట్టించాలి. కుడి పెడల్ నొక్కితే తీగల మీద ఆనుకుని నాదాన్ని ఆపే డాంపర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, కొట్టిన తీగలతోపాటు కొట్టనివి కూడా సంవాదంగా మోగుతాయి. ఎడమచేయి మంద్రంలో ఒక స్వరం కొట్టి, దాన్ని పెడల్‌కు అప్పగించి, తాను పైకి వెళ్లిపోవచ్చు. సిగిస్మండ్ థాల్‌బెర్గ్ మధ్య స్థాయిలో రెండు బొటనవేళ్లతో పాట నడుపుతూ, మిగిలిన వేళ్లతో కిందా పైనా అలల్లా స్వరాలు అల్లేవాడు. వినేవారికి మూడు చేతులున్నట్టు అనిపించేది. 1837 మార్చి 31న పారిస్‌లో బెల్జియోజోసో రాకుమారి ఇంట్లో అతనూ లిస్టూ పోటాపోటీగా వాయించారు. వేగాన్ని డాబు అని కొట్టిపారేసే విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కొన్ని రచనల విషయంలో అది నిజం కూడా. కానీ ఈ సంగీతంలో వేగం చాలావరకు వాద్యం లోపాన్ని పూడ్చే సాధనం. అది గుర్తించకపోతే షోపాన్ కూడా అర్థం కాడు.

ఇనుము, ఉక్కు

ఈ వరదను తట్టుకునే పియానో 1830లలో ఇంకా లేదు. లిస్ట్ కచేరీలో తీగలు తెగడం మామూలు సంగతి. వేదిక మీద రెండో పియానో సిద్ధంగా ఉంచేవారు. అప్పటి చట్రం చాలావరకు కొయ్యది కావడంతో తీగను ఒక హద్దు దాటి బిగించడానికి వీలుండేది కాదు. 1825లో బోస్టన్‌కు చెందిన ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే అచ్చులో పోసిన ఇనుప చట్రానికి పేటెంట్ పొందాడు. 1859లో న్యూయార్క్ స్టైన్‌వే సంస్థ గ్రాండ్ పియానోలో మంద్ర తీగలను మిగిలినవాటి మీదుగా ఏటవాలుగా సాగదీసే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. దీనివల్ల పొడవైన తీగలు పట్టాయి. నేటి కచేరీ గ్రాండ్‌లో 88 మెట్లు, సుమారు 230 తీగలు ఉంటాయి. పొడవు సుమారు 274 సెంటీమీటర్లు, బరువు దాదాపు అర టన్ను. తీగలన్నీ కలిసి చట్రాన్ని లాగే బలం ఇంచుమించు 20 టన్నులు.

ఈ బిగువును మోసేది ఎక్కువ కార్బన్ ఉన్న ఉక్కును వేడిచేసి, చల్లార్చి, సన్నని రంధ్రాల గుండా లాగి తీసిన తీగ. 1854లో బర్మింగ్‌హామ్‌కు చెందిన జేమ్స్ హార్స్‌ఫాల్ ఈ తీగకు వేడితో బలం తెప్పించే పద్ధతికి పేటెంట్ పొందాడు. గనుల్లో మనుషులనూ రాతినీ పైకి లాగే తాళ్లది కూడా ఇదే వంశం. 1834లో జర్మనీలోని క్లౌస్‌థాల్ గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ జనపనార తాడుకు, గొలుసుకు బదులుగా ఇనుప తీగలు పేనిన తాడు వాడి చూపాడు. తర్వాత ఆ స్థానంలోకి ఉక్కు వచ్చింది. కోలారులోని చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గ గనుల్లో షిఫ్టుకు దిగే మనుషుల కేజ్ వేల అడుగుల లోతుకు వేలాడింది అలాంటి తాడు మీదే. ఇంత బరువును ఇంత సన్నని లోహానికి వదిలేయగల లోహవిద్య లేనిదే కోలారు గనుల లోతూ లేదు, రొమాంటిక్ పియానో హోరూ లేదు.

మెట్టు కింద ఉండే యంత్రాంగంలో పెద్ద మలుపు 1821లో పారిస్‌కు చెందిన ఎరార్ సంస్థది. మెట్టు పూర్తిగా పైకి లేవకముందే సుత్తి మళ్లీ కొట్టడానికి సిద్ధమయ్యే ఏర్పాటు అది. ఒకే స్వరాన్ని సెకనుకు పదికి పైగా సార్లు పలికించడం దానివల్ల సాధ్యమైంది. బాలుడైన లిస్ట్ వాయించింది ఎరార్ పియానోల మీదే.

వేలు, మెదడు

షోపాన్ ఓపస్ 10 ఎట్యూడ్లు (సాధన రచనలు) 1833లో అచ్చయ్యాయి. వాటిలో మొదటిదానికి అతను రాసిన వేగం నిమిషానికి 176 లెక్కలు. ఒక్కో లెక్కకు కుడిచేయి నాలుగు స్వరాలు వాయించాలి. అంటే నిమిషానికి 704, సెకనుకు దాదాపు 12. రెండు స్వరాల మధ్య దొరికే వ్యవధి 85 మిల్లీసెకన్లు. ఒక చప్పుడు విని దానికి స్పందించి వేలు కదపడానికి మనిషికి సుమారు 150 మిల్లీసెకన్లు పడుతుంది, కంటితో చూసి స్పందించడానికి ఇంకా ఎక్కువ. కనుక ఒక స్వరం సరిగ్గా పడిందో లేదో చెవి చెప్పేలోగా తర్వాతి స్వరం పడిపోయి ఉంటుంది. విని దిద్దుకుంటూ వాయించడం ఇక్కడ కుదరదు.

1951లో కార్ల్ లాష్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సరిగ్గా ఈ పాయింటు మీదే వాదించాడు. ఒక కదలిక తాలూకు అనుభూతి తర్వాతి కదలికను పుట్టిస్తుందన్న అప్పటి నమ్మకం సంగీతకారుల వేళ్ల వేగం ముందు నిలవదని అతను చూపాడు. మెదడు స్వరాలను ఒక్కొక్కటిగా ఆజ్ఞాపించదు. ఒక గుచ్ఛాన్ని ముందుగానే కూర్చి, మొత్తంగా విడుదల చేస్తుంది. నెలల తరబడి నెమ్మదిగా చేసే సాధకం ఆ గుచ్ఛాలను కట్టడానికే. మృదంగం మీద ఒక జతిని విలంబంలో చేతికి ఎక్కించుకుని ద్రుతానికి తీసుకుపోయే శిష్యుడు చేసేదీ ఇదే.

దీని గుర్తులు మెదడులో కనబడతాయి. ఏడేళ్ల లోపు సాధన మొదలుపెట్టిన సంగీతకారుల్లో రెండు అర్ధగోళాలను కలిపే నరాల కట్ట ముందుభాగం పెద్దదిగా ఉందని 1995లో గాట్‌ఫ్రీడ్ ష్లౌగ్ బృందం ప్రకటించింది. 2005లో స్వీడన్ పరిశోధకులు పియానో విద్వాంసుల్లో చిన్ననాటి సాధన గంటలకూ మెదడులోని తెల్ల పదార్థం అమరికకూ సంబంధం చూపారు.

శరీరం మాత్రం కొన్ని హద్దుల్ని చెరగనివ్వదు. వేళ్లను ముడిచే, చాచే ముఖ్యమైన కండరాలు ముంజేతిలో ఉంటాయి. వేళ్లలోకి వచ్చేవి స్నాయువులు. చేతి వెనక భాగంలో ఉంగరపు వేలి స్నాయువుకు పక్కవాటితో అడ్డ బంధాలుంటాయి, అందుకే అది ఒంటరిగా లేవడానికి మొరాయిస్తుంది. రాబర్ట్ షూమన్ 1830ల మొదట్లో వేలిని లొంగదీయడానికి ఒక పరికరం వాడాడు. అతని కుడిచేయి పాడై, పియానో విద్వాంసుడు కావాలన్న ఆశ అంతటితో ముగిసింది.

లిస్ట్ రాసిన ‘లా కాంపనెల్లా’ మరో రకం పరీక్ష. వయొలిన్ విద్వాంసుడు పాగనీని రాసిన ఒక కాన్‌చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన)లోని ఇతివృత్తం మీద కట్టిన ఈ రచన 1851లో నేటి రూపానికి వచ్చింది. ఇందులో కుడిచేయి తారస్థాయిలో ఒకే స్వరాన్ని చిరుగంటలా మోగిస్తూ, మధ్యమధ్య రెండు స్థాయిల దూరం దూకి మళ్లీ తిరిగి రావాలి. పియానో మీద ఒక స్థాయి వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు, రెండు స్థాయిలంటే 33. అక్కడ చేరవలసిన మెట్టు వెడల్పు రెండు వేళ్లంత కూడా ఉండదు. అంత దూరం చేయి గాలిలో ప్రయాణించి, ఆగి, సరిగ్గా అనుకున్న బలంతోనే కొట్టాలి. చూపు ముందుగానే గమ్యాన్ని చేరుతుంది, చేయి దాన్ని అనుసరిస్తుంది. ఆ దూకులు వినబడకుండా గంటలే వినబడితే వాయించినవాడు గెలిచినట్టు.

మైసూరు, మెట్నర్

కోలారు బంగారు గనులను 1880 నుంచి నడిపింది లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పం చుట్టూ పెరిగిన పట్టణంలో యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలకు తమ క్లబ్బులు, చర్చిలు, పాశ్చాత్య సంగీతం ఉండేవి. గనుల్లో దిగిన వేలమందిలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తమిళులు, తెలుగువారు. అట్టడుగున రాతి వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేది. ఒత్తిడికి రాయి పేలి మనుషులు చనిపోయేవారు. నూట ఇరవై ఏళ్లలో ఇక్కడ తీసిన బంగారం సుమారు 800 టన్నులు. దాని మీద రాయల్టీ మైసూరు ఖజానాకు చేరేది.

ఆ ఖజానాకు 1940లో అధిపతి అయిన జయచామరాజ ఒడయారు అప్పటికి 21 ఏళ్ల యువకుడు, పియానో సాధకుడు. కచేరీ విద్వాంసుడు కావాలన్నది ఆయన కోరిక. ఆ ఏడే తండ్రి, పెదతండ్రి ఒకరి తర్వాత ఒకరు మరణించడంతో సింహాసనం బాధ్యత ఆయన మీద పడి ఆ దారి మూసుకుపోయింది. అయినా 1945లో లండన్ గిల్డ్‌హాల్ సంగీత విద్యాలయం నుంచి లైసెన్షియేట్ పొందారు. ఆ తర్వాత కర్ణాటక సంగీతంలో 94 కృతులు రచించారు. రెండు సంగీతాల్లోనూ లోపలికి వెళ్లిన ఇలాంటి వాగ్గేయకారుడు మరొకరు కనబడరు.

మెట్నర్ పరిస్థితి అప్పుడు దయనీయంగా ఉంది. 1880లో మాస్కోలో పుట్టి, అక్కడి కన్సర్వేటరీలో బంగారు పతకం పొంది, 1921లో రష్యా విడిచి, చివరికి లండన్‌లో స్థిరపడిన మనిషి. 14 పియానో సొనాటాలు, మూడు కాన్‌చెర్టోలు, ‘స్కాజ్కీ’ అనే కథల వంటి చిన్న రచనలు రాశాడు. రాఖ్మానినోవ్ తన నాలుగో కాన్‌చెర్టోను ఇతనికే అంకితం ఇచ్చాడు. కానీ కాలం ఆధునిక సంగీతం వైపు తిరిగిపోయింది, ఇతని కచేరీలు తగ్గిపోయాయి, గుండె జబ్బు పట్టుకుంది. ఆ దశలో మైసూరు రాజు మెట్నర్ సొసైటీకి డబ్బు సమకూర్చి, అతని రచనలను అతని చేతనే హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డుల్లోకి ఎక్కించారు. 1947లో, 67వ ఏట, మెట్నర్ ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాతో మూడు కాన్‌చెర్టోలూ రికార్డు చేశాడు. సోలో రచనలు, పాటలు కూడా ఆ వరుసలో వచ్చాయి. అప్పటి రికార్డు ఒక పక్కకు నాలుగైదు నిమిషాలే పట్టేది. మైనం పలక మీద నేరుగా గీసేవారు కనుక ఒక్క స్వరం తప్పినా ఆ పక్కంతా మళ్లీ వాయించవలసిందే. జబ్బుమనిషి అంతటి కష్టమైన సంగీతాన్ని ఆ షరతుల మీద వాయించాడు. మూడో కాన్‌చెర్టోను మైసూరు మహారాజుకు అంకితం చేశాడు. 1951 నవంబరులో లండన్‌లో కన్నుమూశాడు.

రాజు సాయం అక్కడితో ఆగలేదు. 1948లో ఫిల్‌హార్మోనియా కాన్సర్ట్ సొసైటీకి మొదటి అధ్యక్షుడయ్యారు. 1950 మే 22న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రిఖార్డ్ స్ట్రౌస్ ‘నాలుగు చివరి పాటలు’ తొలిసారి వినబడిన కచేరీకి ఆర్థిక హామీ ఆయనదే.

ఒక సంస్థానాధీశుడి అభిరుచికి ప్రజల సొమ్ము ఖర్చు కావడం గురించి వాదం ఉండవచ్చు, ఉండాలి కూడా. చాంపియన్ రీఫ్‌లో ఊపిరితిత్తుల్లో రాతిపొడి నింపుకున్నవారికి ఆ సంగీతం వినే అవకాశం రాలేదు. అయితే ఆ సొమ్ము మెట్నర్ మీద వెచ్చించకపోతే ప్రపంచానికి ఒక విద్వాంసుడి చేతి తీరు చాలావరకు మిగిలేది కాదన్నదీ నిజం.

దక్కన్ పీఠభూమిలో పియానోను నిలబెట్టుకోవడం కూడా తేలిక కాదు. సౌండ్‌బోర్డ్ సెంటీమీటరు లోపు మందం ఉన్న స్ప్రూస్ కొయ్య. వానాకాలపు తేమకు అది ఉబ్బి తీగలను పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. కోలారు ఎండాకాలంలో ఎండి కుంగుతుంది, శ్రుతి దిగుతుంది. ఫెల్ట్‌ను చిమ్మటలు, కొయ్యను చెదలు తింటాయి. వలస దేశాలకు పంపే పియానోల్లో అతుకులకు జిగురుతోపాటు లోహపు మరలు కూడా బిగించేవారు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ గనుల పట్టణం కె.జి.ఎఫ్. నుంచి ఇప్పుడు పియానో రిసైటల్ వినాలంటే సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు వెళ్లాలి. 1987లో మొదలైన బెంగళూరు స్కూల్ ఆఫ్ మ్యూజిక్ అక్కడ పాశ్చాత్య సంగీతాన్ని నేర్పుతోంది. మెట్నర్ మైసూరు రికార్డులు తర్వాత సీడీలుగా వచ్చాయి, ఈనాడు తేలికగా దొరుకుతాయి. వినదలచినవారు కాన్‌చెర్టోల జోలికి వెంటనే పోకుండా నాలుగైదు నిమిషాల స్కాజ్కీలతో మొదలుపెట్టడం మంచిది. మొదటిసారి పాటను పట్టుకోవాలి, రెండోసారి మంద్రంలో పెడల్ మోస్తున్న స్వరాన్ని వెతకాలి. మూడో కాన్‌చెర్టో ఆ తర్వాత.